బామ్మల బెంచీ

బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేక ఓ యువతి ఆస్పత్రికి రాలేకపోయింది. ప్రాణం తీసుకుంది. ఆ కబురు ఆమె తల్లి నోట విన్న జింబాబ్వే మానసిక వైద్యుడు డాక్టర్ డిక్సన్ చిబాండా, ఇక వైద్యమే వాళ్ల వీధికి వెళ్లాలనుకున్నారు.

2006లో హరారే నగరం ఎంబారే పేటలో 14 మంది బామ్మలకి శిక్షణ ఇచ్చారు. ఆరోగ్యకేంద్రం ఆవరణలో ఓ చెక్క బెంచీ - అదే క్లినిక్! 'డిప్రెషన్' లాంటి పెద్ద మాటలుండవు. అక్కడి భాషలో అది 'కుఫుంగిసిస', అంటే అతిగా ఆలోచించడం. బామ్మ ముందు అంతా వింటుంది. ఉన్న కష్టాల్లో ఒక్కదాన్ని ఎంచుకోమంటుంది. ఉపాయం మాత్రం వచ్చినవాళ్లే వెతుక్కోవాలి, బామ్మ తోడుంటుంది. దీంతో దిగులు బాగా తగ్గుతుందని 2016లో వెలువడిన పరిశోధనలో తేలింది.

మన వీధి అరుగు గుర్తొస్తోంది కదూ! పక్కింటావిడ "ఏం లేదులే వదినా" అంటూ కళ్లు తుడుచుకుంటే, సలహాలు తర్వాత - ముందు కాసేపు పక్కన కూర్చోండి. మరీ కుంగిపోతుంటే డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి.