రెండు మీటలు, నాలుగు మాటలు

యంత్రం ఎంత తెలివైనదైనా, ఎదుట నిలిచిన మనిషికి అది చెప్పేది అర్థం కాకపోతే ఆ తెలివి వృథా. ఈ సత్యాన్ని మాకు బోధించినవారు పంపుహౌసులో పనిచేసే ఒక ఆపరేటరు.

పంపు బేరింగుల ఉష్ణోగ్రతను చూపేందుకు మేము ఒక చిన్న పరికరాన్ని రూపొందించాము. రక్షణ రిలేలకు ఇది ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. ఇందుకు ఆర్డుయినో ఉనో బోర్డును ఎంచుకున్నాము. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం పుట్టినది. దాని సర్క్యూటు నమూనాలు బహిరంగం. ఎవరైనా చదువవచ్చు, మార్చుకొనవచ్చు.

తొలుత వరుసకు 16 అక్షరాల చొప్పున రెండు వరుసల ఎల్‌.సి.డి. తెరను అమర్చాము. వేడి మితిమీరితే ‘ఈ-04’ అనే సంకేతం కనిపించేది. ఒక రాత్రి షిఫ్టులో అది కనిపించింది. కాలిన గ్రీజు వాసన వచ్చాక గాని పంపు ఆగలేదు. మరునాడు విచారించగా, “నాలుగో నంబరు పంపు నడుస్తోందని చెబుతోందనుకున్నానండి” అన్నారు ఆపరేటరు. తప్పు ఆయనది కాదు, మాది.

సంకేతానికి బదులు తెలుగు వ్రాయబోతే అవరోధం ఎదురైంది. అటువంటి తెరలలో ప్రసిద్ధమైన హెచ్‌.డి. 44780 కంట్రోలరులో మనం గీసుకోగల గుర్తులు ఎనిమిదే. ఒక్కొక్కటి 5 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. మన గుణింతాలకు, వత్తులకు ఆ గడి చాలదు. కనుక 128 × 64 చుక్కల ఓలెడ్ తెరకు మారాము. పూర్తి తెరకు 1,024 బైట్లు కావాలి. బోర్డులోని ర్యామ్ మొత్తం 2,048 బైట్లే. అందుచేత తెరను భాగాలుగా గీయించాము. 16 చుక్కల ఎత్తుగల ఒక్కొక్క వరుస బొమ్మకు 256 బైట్లు. ఇరవై వరుసలకు 5,120. 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో అవి సులువుగా ఇమిడాయి.

నాలుగు మీటలను రెండుకు తగ్గించాము. మీట నొక్కగానే లోపలి కాంటాక్టులు కొన్ని మిల్లీసెకన్లపాటు అదిరి, ఒక నొక్కును పలు నొక్కులుగా చూపుతాయి. అందుకని 20 మిల్లీసెకన్లు ఆగి మరల చూడమని ప్రోగ్రాములో వ్రాశాము. ఎరుపు, ఆకుపచ్చల భేదం అందరి కళ్ళకూ తెలియదు. కనుక హెచ్చరిక దీపాన్ని పైన ఉంచి, మిణుకుమిణుకుమనేలా చేశాము.

ఇప్పుడు తెరపై ‘బేరింగు వేడెక్కింది, పంపు ఆపండి’ అని రెండు వరుసలలో కనిపిస్తుంది. ఆ నాలుగు మాటలూ ఆ ఆపరేటరు సూచించినవే. నమూనా మన చేతిలో ఉన్నందువల్లనే ఈ మార్పులు సాధ్యమయ్యాయి. తరువాతి పరికరాన్ని బల్లపై గీయకముందే పంపుహౌసుకు వెళ్ళి వారిని అడుగుతాము. అదీ రాత్రి షిఫ్టులో.