చిక్కబళ్ళాపుర సీమ రాళ్ళకు మెరుగుపొడి

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో రాతికి కొదువ లేదు. నందికొండ మొదలుకొని బాగేపల్లి గుట్టలవరకు నేల అడుగున నున్నది గ్రానైటును నైసు శిలయును. 2007లో కోలారునుండి విడివడి ప్రత్యేకజిల్లాయైన ఈ సీమలో రాతిగనులు పలుచోట్ల కలవు. పలకలకు పనికిరాని ముక్కలు ఆ గనులయొద్ద కుప్పలుగా పడియుండును. వంకలలోను, చేలగట్లపైనను తెల్లని పలుగురాళ్ళు దొరకును. గని యజమాని సమ్మతితో తెచ్చిన ఇట్టి ముక్కలకు నునుపుపెట్టి, మెరుగుదేర్చి, అలంకారవస్తువులుగా అమ్మదలచిన కుటుంబమునకు వైబ్రేటరీ టంబ్లర్ అను కంపనయంత్రము చక్కగా ఉపకరించును. ఐతే పదిదినముల విద్యుత్తును, శ్రమను వెచ్చించిన పిమ్మట రాయి ఆరగానే మసకబారిన, నింద చివర వాడిన పొడిమీద పడును. వెంటనే అంతకంటె ఖరీదైన పొడి కొందురు. ఆ మసకయు మరల వచ్చును. పొడిని రాతినిబట్టి ఎంచవలెననియు, ముందటి దశలు సిద్ధపరచిన దానినే ఏ పొడియైనను ముగింపగలదనియు గ్రహించినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

యంత్రపు నడక తెలియనిదే పొడి సంగతి తెలియదు. ఇందలి గిన్నె స్ప్రింగులపై నిలిచియుండును. మోటారు ఇరుసునకు ఒక ప్రక్క మాత్రమే బరువు తగిలింపబడుటచే, చిన్నయంత్రములలో గిన్నె నిమిషమునకు మూడువేల మారులకు దగ్గరగా వణకును. ఆ వణకుచే రాళ్ళు ఒకదానినొకటి ఒరసికొనుచు మెల్లగా చుట్టివచ్చును. దొర్లుపీపాలో వలె పైనుండి జారిపడవు. అందుచే మూలలు ఎక్కువగా అరగవు, ఆకారము నిలుచును, వారములు పట్టు పని దినములలో ముగియును. గుండ్రని ఆకారమే కావలెనన్న ముతకరాపిడిని దొర్లుపీపాలో జరిపి, తక్కిన దశలను కంపనయంత్రమునకు విడుచుట మేలు. అమెరికాలో 60 హెర్ట్జ్ విద్యుత్తునకై చేసిన యంత్రమును ట్రాన్స్‌ఫార్మరుతో ఇచ్చట నడిపినను, 50 హెర్ట్జ్ వద్ద మోటారువేగము ఆరవవంతు తగ్గును. విదేశములనుండి బంధువులు ప్రేమతో పంపిన యంత్రములు ఇచ్చట మందకొడిగా నుండుటకు ఇదియొక కారణము.

ఇక రాతి విషయము. జర్మనీదేశపు ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మొహ్స్ 1812లో ఏర్పరచిన కాఠిన్యశ్రేణిలో పలుగురాయిది 7, ఫెల్‌స్పారుది 6. నల్ల అభ్రకము 3కు మించదు. గ్రానైటున ఈ మూడును కలిసియుండుటయే చిక్కు. ఒకే ఒరపిడికి పలుగు ఎత్తుగా నిలుచును, ఫెల్‌స్పారు కొంత తగ్గును, అభ్రకము పొరలుగా లేచి గుంట మిగులును. ఆ గుంటలలో పొడి చిక్కుకొనును. మృదువైన అడ్డపై రుద్దిన కొలది ఈ ఎగుడుదిగుడు హెచ్చును గాని తగ్గదు. నైసుశిలలో అభ్రకము చారలుగా నుండుటచే చారలవెంబడి గాళ్ళు పడును. తెల్లని పలుగురాయి ఒకే ఖనిజమైనను దానిలోపల బీటలు మెండు. గట్టిగా తాకినచో పెచ్చు లేచును. ఈ మూటికంటె వశమగునది గ్రానైటును చీల్చుకొని గోడవలె సాగు డోలరైటు, అనగా సన్ననిరవ్వ గల నల్లరాయి. దానిలోని ఖనిజములు కాఠిన్యమున దాదాపు సరిసమానములు. బళ్ళారి సమీపమున సంగనకల్లునందు నవశిలాయుగపు జనులు గొడ్డళ్ళకు ఈ రాతినే ఎన్నుకొని, బండలపై ఒరసి నునుపుపెట్టిరి. నందిగ్రామమున భోగనందీశ్వరాలయ కల్యాణమంటపపు నల్లరాతి కంబములను చూచినవారికి నల్లరాయి ఎంతటి సున్నితమైన పనిని నిలుపుకొనునో వేరుగ చెప్పనక్కరలేదు.

కాబట్టి కొనుటకు ముందు ఒక ముక్కను పగులగొట్టి భూతద్దముతో చూడవలెను. అభ్రకము మిలమిలలాడుచు ఎక్కువగా నున్న ముక్కను పారవేయుటయే లాభము. పలుగును నల్లరాతిని ఒకేసారి గిన్నెలో వేయరాదు. పలుగు నల్లరాతిని గీచివేయును.

అంగళ్ళలో దొరకు మెరుగుపొడులు ముఖ్యముగా నాలుగు. సీరియం ఆక్సైడు అద్దమునకు, పలుగుజాతి రాళ్ళకు ప్రసిద్ధము. దాని కాఠిన్యము సుమారు 6 మాత్రమే. ఐనను నీటి సాయముతో సిలికాపై రసాయనికముగా పనిచేసి మెరుగునిచ్చును. మెరుగన్నది సన్నని గీతలపరంపర మాత్రమేయని న్యూటను తలచెను. సీరియమును చూచినచో ఆ అభిప్రాయము పూర్తిగా చాలదని తోచును. ఇది తెల్లపలుగు ఒక్కటే గల గిన్నెకు తగును. కాని అభ్రకము గల గ్రానైటునకు దీనిపై సొమ్ము వెచ్చించుట వృథా. పైగా ధర నిలకడ గలది కాదు: చైనా అరుదైన లోహముల ఎగుమతిని బిగించినందున 2011లో దాని వెల ఆకాశమునంటెను. తగరపు ఆక్సైడు పాతకాలపు మేలిపొడి, ఖరీదైనది. క్రోమియం ఆక్సైడు పచ్చనిది. బీటలలో దూరిన పచ్చదనము ఎంత కడిగినను పోదు గనుక పగుళ్ళు గల ఈ సీమరాళ్ళకు దానిని దూరముగ నుంచవలెను.

మిగిలినది అల్యూమినియం ఆక్సైడు. మిశ్రమశిలలకు తొలుత చేపట్టదగినది ఇదియే. దీని కాఠిన్యము 9. పలుగును ఫెల్‌స్పారును రెంటిని ఒకేతీరున లొంగదీయును, మరక చేయదు, వెలయు అందుబాటులో నుండును. ఇది పరాయివస్తువు కాదు. సానపట్టువారు లక్కతో కలిపి చక్రములు చేసికొనిన కురువిందమే సహజరూపమున అల్యూమినియం ఆక్సైడు. అది పావగడ, అనంతపురము సీమలలో త్రవ్వబడినది. చార్లెస్ గ్రెవిల్ అను ఆంగ్లేయుడు 1798లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో దానినిగూర్చి వ్యాసము ప్రకటించెను. ఆంగ్లమందలి కొరండమ్ అను పేరు తమిళ తెలుగు పదములకు చుట్టమే. అంగడిలో కొనునపుడు అడుగవలసినది రేణుపరిమాణము: ఒక మైక్రాను, లేదా అంతకు సన్నము. సంచిపై ‘పాలిష్’ అని మాత్రమే వ్రాసి పరిమాణము చెప్పని పొడి నమ్మదగినది కాదు.

ఐనను మొదట చెప్పిన మసక పొడిచే పోవునది కాకపోవచ్చును. 500 సంఖ్య గల సిలికాన్ కార్బైడు రేణువు సుమారు 13 మైక్రాన్లు. అది చేసిన గీతను ఒక మైక్రాను పొడి పూడ్చలేదు. గీత అంచులను మెరిపించి, గీతను మరింత స్పష్టపరచును. నడుమ 1000 సంఖ్య, అనగా సుమారు నాలుగున్నర మైక్రాన్ల పొడితో ఒక దశ జరుపవలసినదే. ఈ దశను మానుకొని మేలిపొడి కొనువారే ఎక్కువ. తడిరాయి ఎప్పుడును మోసము చేయును. ప్రతి దశాంతమునను నాలుగు రాళ్ళను తీసి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, దీపముక్రింద త్రిప్పి చూచిన తరువాతనే ముందుకు సాగవలెను.

శుభ్రత రెండవ సంగతి. ముతకరేణువు ఒక్కటి మెరుగుగిన్నెలో మిగిలినను పని చెడును. దశకు దశకు నడుమ రాళ్ళను, గిన్నెను కడిగి, సబ్బుతురుముగాని కొంచెము వెలిగారముగాని వేసి ఒకటి రెండు గంటలు నడిపి, మరల కడుగవలెను. మెరుగునకు వేరు గిన్నె యుంచుకొనుట ఇంకను క్షేమము. పలుగురాళ్ళ నడుమ మూడవవంతుకు తగ్గకుండ చిన్న పింగాణిగుళికలు వేసినచో తాకుడు మెత్తబడి పెచ్చులు లేవవు. ఈ గుళికలు ముతకదశలో వాడినవైన, మెరుగుదశకు తేరాదు.

నీరు విషయమున దొర్లుపీపా అలవాటు ఇచ్చట పనికిరాదు. పీపాలో రాళ్ళు మునుగునంత పోయుదురు. కంపనగిన్నెలో అంత నీరున్నచో పొడి అడుగుకు జారి రాళ్ళను అంటదు. రాయి పైన పలుచని తడిపొర నిలువవలెను, అంతే. రెండు కిలోల రాళ్ళకు ఒకటి రెండు టీ చెంచాల పొడి చాలును. వేసవిలో చింతామణి ఎండకు గిన్నె త్వరగా ఆరును. పొడి ముద్దగట్టి రాళ్ళ చలనము మందగించును. అప్పుడప్పుడు చూచి నీరు చిలకరింపవలెను. ఎండినగిన్నెను రాత్రియంతయు విడిచినవారు ఉదయమున మసకరాళ్ళను చూచి పొడిని తిట్టుకొందురు.

ధూళి విషయమున మాత్రము ఏమరుపాటు కూడదు. పలుగుధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను తగ్గని వ్యాధిని కలిగించును. రాతిగనుల పనివారికి ఇది తెలియని పేరు కాదు. తడిగా నడచునంతసేపు గిన్నె అపాయకరము కాదు. చిందిన బురద ఎండి, చీపురుతో ఊడ్చినపుడే గాలిలో లేచును. కనుక తడిగుడ్డతోనే తుడువవలెను. రాళ్ళను పగులగొట్టునపుడు నీళ్ళు చల్లి, మూతికి దుమ్మునాపు మాస్కు ధరింపవలెను, గుడ్డకట్టు చాలదు. కడిగిన బురదను తూములోనికి వదిలినచో సిమెంటువలె గట్టిపడి గొట్టము మూసికొనిపోవును. దానిని బకెట్టులో తేరనిచ్చి, పైనీటిని పారబోసి, అడుగున మిగిలిన ముద్దను సంచిలో కట్టి, చెరువునకు, బావికి దూరముగ గుంటతీసి పూడ్చవలెను.