గుట్ట ఎక్కడం వస్తే గైడ్ అయిపోతామా?



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు ఉపయోగపడేది ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు మొదట గ్రూప్స్ గురించి, బ్యాంకు పరీక్షల గురించి రాద్దామనుకున్నాం. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. అడవుల్లో, కొండల్లో జనాన్ని తీసుకెళ్ళి క్షేమంగా తిరిగి తెచ్చే గైడ్ అనే ఉద్యోగం ఒకటుందని, దానికి కూడా చదువు, శిక్షణ, పరీక్ష ఉంటాయని మాకు పీజీకి వచ్చేదాకా తెలియదు. మీకైనా ముందుగా తెలియాలని రాస్తున్నాం. మేము అంటే ఈ హాస్టల్లో అన్నం తిని, ఇప్పుడు అనంతపురంలో పీజీ చదువుతున్న నలుగురం. మా నాలుగు ఇళ్ళల్లోనూ డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేమే. మాలో ఇద్దరి నాయనలు ఇప్పటికీ గొర్రెలు కాస్తున్నారు. ఈ వ్యాసానికి ఆ సంగతితో పని ఉంది, అందుకే చెప్పాం.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళ కింద ఏప్రిల్‌లో ఒక ఆదివారం, మేము డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా, హాస్టల్ పిల్లలు పన్నెండు మందిని ఊరి బయటి గుట్ట మీదికి తీసుకెళ్ళాం. చిన్నప్పటి నుంచి ఎక్కిన గుట్టే కదా అని ధైర్యం. బయల్దేరేసరికే పదకొండు దాటింది. అంతమందికీ కలిపి ఐదు సీసాల నీళ్ళు. సగం ఎక్కేసరికి ఎనిమిదో తరగతి తమ్ముడొకడు వెనకబడ్డాడు. అలసిపోయాడులే అని నవ్వాం. కాసేపటికి వాడు సంబంధం లేని మాటలు మాట్లాడి, కూలబడిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది. మేము చేతులు కట్టేసినట్టు నిలబడిపోయాం.

అటువైపు గొర్రెలు తోలుకొస్తున్న ఒక తాత పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, ఈ ఎండలో నీళ్ళు ల్యాకుండా యాడికి పోతాండారు? పిల్లోన్ని నీడకు పండబెట్టండి ముందు" అని కసిరి, తన సొరకాయ బుర్రలోని నీళ్ళన్నీ వాడి ఒంటి మీద పోసి, తుండుగుడ్డతో విసరడం మొదలుపెట్టాడు. ఒకడు కిందికి పరుగెత్తి 108కి ఫోన్ చేశాడు. తమ్ముడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. తాత చేసింది వైద్య పుస్తకాల్లో ఉన్నదేనని తర్వాత చదివి తెలుసుకున్నాం. శరీరం వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఆ గుట్ట మీది ప్రతి దారీ మాకు తెలుసు, ఈ మూడు ముక్కలు మాత్రం తెలియవు.

ఇక అసలు సంగతికి వద్దాం. కొన్ని దేశాల్లో అడవి గైడ్‌కు ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 1897లోనే గైడ్లు నమోదు చేసుకోవాలని చట్టం చేసింది. అక్కడ మొదటి లైసెన్సు అందుకున్నది కార్నీలియా క్రాస్బీ అనే మహిళ. ఆ రాష్ట్రంలో ఇప్పటికీ అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష చేస్తారు. మ్యాపు, దిక్సూచి ఇచ్చి దారి చెప్పమంటారు. మీ వెంట వచ్చినవాళ్ళలో ఒకరు తప్పిపోయారు, ఇప్పుడేం చేస్తారని అడుగుతారు. ప్రథమ చికిత్స నేర్చుకున్నట్టు కార్డు కూడా ఉండాలి.

మన దేశంలో అలా అన్ని అడవులకూ, అన్ని కొండలకూ చెల్లే ఒకే లైసెన్సు అంటూ లేదు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే మా స్నేహితుడొకడు మూడు రోజుల క్యాంపుకు నాలుగున్నర వేలు కట్టి "ఆల్ ఇండియా గైడ్ లైసెన్సు" అని ముద్ర ఉన్న ప్లాస్టిక్ కార్డు తెచ్చుకున్నాడు. వాళ్ళ అమ్మ కూలి డబ్బులు అవి. ఆ కార్డుతో ఏ అడవి గేటు దగ్గరా పని జరగలేదు.

నిజంగా ఉన్న దారులు వేరు. పులుల అభయారణ్యాల్లో, పర్యావరణ పర్యాటక కేంద్రాల్లో అటవీ శాఖే స్థానికులను ఎంచుకుని పనిలో పెట్టుకుంటుంది. మనకు దగ్గరలోని నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల దగ్గర ఇలాంటి కేంద్రాలు ఏర్పాటు చేశారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం కాపలా పనిలో చెంచులదే పెద్ద చెయ్యి. జంతువు అడుగుజాడ చూసి అది ఎప్పుడు వెళ్ళిందో చెప్పగలిగే విద్య వాళ్ళది. కోటలు, గుళ్ళు చూపించే పర్యాటక గైడ్ల దారి ఇంకొకటి. కేంద్ర పర్యాటక శాఖ 2020లో దానికి ఆన్‌లైన్ శిక్షణ, ధ్రువపత్రం మొదలుపెట్టింది. మూడోది పర్వతారోహణ సంస్థల దారి. దాని గురించి చివర్లో చెప్తాం.

ఏ దారిలో వెళ్ళినా నేర్చుకోవలసిన విద్యలు దాదాపు ఒకటే. మొదటిది నీళ్ళ లెక్క. మన అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వచ్చిన ఏడాది వస్తుంది, లేని ఏడాది లేదు. మ్యాపులో నీలి గీత కనబడిందని వాగులో నీళ్ళుంటాయనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పెన్నా, చిత్రావతి, హగరి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. ఆ ఇసుకలో చెలమ ఎక్కడ తవ్వితే నీరు ఊరుతుందో కాపరులకు తెలుసు, మ్యాపుకు తెలియదు. ఎండలో నడిచే మనిషికి గంటకు అర లీటరు చొప్పున అవసరమని లెక్క వేసుకుని, దానిపైన కొంత అదనంగా మోయాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో, గీతకు సమంగా. ఇది నోటికి రావాలి.

రెండోది మ్యాపు చదవడం. 1767 నుంచి ఉన్న సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీట్లు ఇందుకు ఆధారం. 1:50,000 స్కేలు అంటే మ్యాపు మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పాత అంకెల పద్ధతిలో అనంతపురం పట్టణం 57 ఎఫ్ వరుసలో వస్తుంది. గోధుమరంగు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు చరియ, దూరదూరంగా ఉంటే వాలు. మా జాగ్రఫీ మాస్టారు ఇవి బోర్డు మీద గీస్తే మాకు అర్థం కాలేదు. మ్యాపు పట్టుకుని గుట్ట ముందు నిలబడిన రోజు పావుగంటలో అర్థమైంది. ఎంతసేపు పడుతుందో చెప్పడానికి 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు: ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మన ఎండకు దానికి ఇంకొంత కలుపుకోవాలి.

ఫోన్ ఉంది కదా అంటారేమో. గుట్ట వెనక సిగ్నల్ ఉండదు, చార్జింగ్ అయిపోతుంది. రాత్రి దిక్కు తెలియాలంటే ధ్రువ నక్షత్రం ఉంది. అది ఎక్కడున్నవాళ్ళకు అక్కడి అక్షాంశమంత ఎత్తులో కనబడుతుంది. మన దగ్గర అక్షాంశం సుమారు 14.7 డిగ్రీలు కాబట్టి, చేయి చాచి పిడికిలి బిగించి దిగంతం నుంచి ఒకటిన్నర పిడికిళ్ళు కొలిస్తే చాలు, అక్కడే ఉంటుంది. గొర్రెల మందతో పొలాల్లో పడుకునే మా నాయనకు డిగ్రీలు తెలియవు గానీ ఆ చుక్క తెలుసు.

మూడోది పాములు, జంతువులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, మన దేశంలో పాముకాటు చావులు ఎక్కువగా వీటి వల్లనే. కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, మంత్రగాడి దగ్గర సమయం పోగొట్టకూడదు. కరిచిన చేయో కాలో కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, యాంటీ వీనం ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఇక బండరాళ్ళ గుట్టల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. సీతాఫలాల కాలంలో తెల్లవారుజామున, మాపటేళ గుహల పక్కన తిరగకూడదు. గుంపుగా, మాట్లాడుకుంటూ నడవాలి. కోట గోడలకు వేలాడే పెద్ద తేనెపట్టుల కింద పొగ పెట్టడం, రాళ్ళు విసరడం మాత్రం చచ్చినా చేయొద్దు.

చూపించేదాని గురించి నిజం తెలిసి ఉండటం కూడా గైడ్ పనే. గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలిసిన నీలిరంగు పెద్ద సాలీడు ఒకటుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించాడు. ఆ సాలీడు గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలది కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని అనుకుంటారు. నూరేళ్ళు దాటాక 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. గుత్తి కోటలో నీలి సాలీడు చూపిస్తానని ఎవరైనా అంటే అబద్ధం. అడవిలో అది ఎక్కడుందో తెలిసినా పదిమందికి చెప్పకూడదు, పెంచుకోవడానికి దొంగతనంగా పట్టుకుపోయేవాళ్ళున్నారు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలను ఊరివాళ్ళే ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వచ్చారు. అక్కడికి జనాన్ని తీసుకెళ్ళేవాడు ఫోటో కోసం చెట్టు కింద కేకలు పెట్టనిస్తే ఊరి కష్టం వృథా.

చట్టం కూడా తెలియాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా బయటివాళ్ళను తీసుకెళ్ళడం నేరం. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక. గుంతకల్లు, ఉరవకొండ వైపు పొలాల్లో మందలుగా కనబడుతుంది, వేరుశనగ తినేస్తుంది. రైతు కోపం న్యాయమైనదే. చూడ్డానికి వచ్చినవాళ్ళకు జింక అందంతో పాటు ఆ రైతు నష్టం కూడా చెప్పగలిగినవాడే మా లెక్కన మంచి గైడ్.

ఇక పర్వతారోహణ సంస్థలు. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. ఉత్తరకాశీలో, మనాలీలో, పహల్గాంలో కూడా ఇలాంటి సంస్థలున్నాయి. మొదట బేసిక్ కోర్సు, సుమారు నాలుగు వారాలు. అందులో ఎ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సు. ఆ తర్వాత ఇతరులకు నేర్పే పద్ధతి కోర్సు, గాలింపు–రక్షణ కోర్సు. వీటితో పాటు ఆసుపత్రి గంటల దూరంలో ఉన్న చోట మనిషిని కాపాడే వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ శిక్షణ 70–80 గంటలది ఉంటుంది. ఇవన్నీ ఉన్నవాడికి ట్రెక్కింగ్ సంస్థల్లో పని దొరికే అవకాశం ఎక్కువ. వయసు, ఫీజు నిబంధనలు ఆ సంస్థల ప్రకటనల్లోనే చూసుకోండి, దళారుల మాట వినకండి.

ఇదంతా మనలాంటివాళ్ళకా అని మాకూ అనిపించింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్ దాకా శిక్షణ పొందారు. డార్జిలింగ్ సంస్థలో శిక్షణకు తొలి అధిపతిగా ఉన్న టెన్జింగ్ నార్గేకు చదవడం, రాయడం రాదు. ఆయనకు మాటలు చాలా భాషలవి వచ్చు. గైడ్‌కు ఇంగ్లీషు కావాలి, హిందీ కావాలి, నిజమే. మేమూ తడబడుతూనే నేర్చుకుంటున్నాం.

చివరగా ఒకటి. పైన చెప్పిన వాటిలో సగం మీ ఇంట్లోనే ఉంది. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు తాతనో నాయననో అడిగి చెలమలు, దారులు, చెట్లు, జంతువుల అడుగులు ఒక నోటుబుక్కులో రాసుకు రండి. ప్రతి నెలా రెండో ఆదివారం మేము హాస్టల్‌కు వచ్చి మ్యాపు, ప్రథమ చికిత్స నేర్పుతాం, ఫీజు లేదు. తెల్లవారి ఐదున్నరకు బయల్దేరి తొమ్మిదికల్లా దిగిపోతాం. ఆ రోజు పడిపోయిన తమ్ముడు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పోయిన నెల గుట్ట కింద అందరి సీసాలూ వాడే లెక్కపెట్టాడు. రెండు తక్కువ వచ్చాయి. ఎవరివా అని చూస్తే మావే. నింపుకొచ్చేదాకా ఎవ్వరినీ కదలనివ్వలేదు.