సొంత పాట పాడనని పట్టుబట్టినవాళ్లు

1986లో జాన్ ఫోగర్టీ అమెరికాలో ఊరూరా తిరిగి కచేరీలు చేశాడు. అంతకుముందు ఏడాదే అతని ‘సెంటర్‌ఫీల్డ్’ ఆల్బమ్ అమ్మకాల్లో అమెరికా మొత్తానికీ మొదటి స్థానంలో నిలిచింది. అయినా అతని పేరు వినగానే జనానికి గుర్తొచ్చేవి వేరే పాటలు. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందంలో ఉన్న రోజుల్లో అతనే రాసి, బాణీ కట్టి, పాడిన ‘ప్రౌడ్ మేరీ’, ‘బ్యాడ్ మూన్ రైజింగ్’, ‘ఫార్చునేట్ సన్’. ఆ పర్యటనలో ఫోగర్టీ వాటిలో ఒక్కటీ పాడలేదు. 1972లో బృందం విడిపోయినప్పటి నుంచీ అతనిది అదే పంతం.

మనకు పాట అంటే ఎక్కువగా సినిమా పాటే. రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు మరొకరు. రాక్ బ్యాండ్ సంగతి అలా కాదు. నలుగురైదుగురు స్నేహితులు తామే రాసుకుంటారు, తామే వాయిస్తారు, తామే పాడతారు. ఆ సంగీతానికి బలమూ అదే, చిక్కూ అదే. బృందం విడిపోయి ఎవరి దారి వారు చూసుకున్నప్పుడు పాట ఎవరి వెంట వెళ్లాలి?

చట్టం దీన్ని మూడుగా విడగొట్టి చూస్తుంది. మాటలూ బాణీ కలిసిన రచన ఒకటి. స్టూడియోలో చేసిన రికార్డింగ్ రెండోది. బృందం పేరు మూడోది. ఈ మూడింటికీ యజమానులు వేరువేరుగా ఉండవచ్చు. వేదిక మీద పాడటానికి కావలసింది మొదటిదానికి అనుమతి మాత్రమే. అమెరికాలో కచేరీ హాళ్లు ఆస్కాప్, బీఎంఐ వంటి సంఘాలకు రుసుము కట్టి లైసెన్సు తీసుకుంటాయి. ఆ సంఘం జాబితాలోని లక్షల పాటల్లో ఏది పాడినా ఆ ఒక్క లైసెన్సు సరిపోతుంది. వచ్చిన డబ్బు పాట రాసినవారికీ, దాని ప్రచురణ హక్కులున్న సంస్థకూ చేరుతుంది. కాబట్టి పాత బృందం పాట పాడాలంటే పాత మిత్రుల గడప తొక్కనక్కర్లేదు. బృందం పేరుతో టికెట్లు అమ్మాలనుకున్నప్పుడే తగాదా మొదలవుతుంది.

పింక్ ఫ్లాయిడ్‌లో జరిగింది అదే. ఆ బృందం పాటల్లో చాలావాటికి మాటలు రాసిన రోజర్ వాటర్స్ 1985లో బయటికొచ్చాడు. తాను లేకపోతే ఆ పేరే ఉండకూడదని మరుసటి ఏడాది కోర్టుకెక్కాడు. మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు. 1987లో ఒకే కాలంలో అటు పింక్ ఫ్లాయిడ్, ఇటు వాటర్స్ అమెరికాలో కచేరీలు చేస్తూ ఇద్దరూ పాత పాటలూ పాడారు. పెద్ద స్టేడియాలు నిండింది మాత్రం పేరు దక్కినవాళ్లకు. ఆ ఏడాది చివర రాజీ కుదిరింది. పేరు వాళ్లకుండిపోయింది, ‘ద వాల్’ ఆల్బమ్ ప్రదర్శన హక్కు వాటర్స్‌కు దక్కింది. 1990లో గోడ కూలిన బెర్లిన్‌లోనే ఆయన దాన్ని భారీగా ప్రదర్శించాడు.

మరి ఫోగర్టీకి అడ్డేమిటి? చట్టం అడ్డు రాలేదు. అడ్డొచ్చింది గాయం.

క్రీడెన్స్ కాలిఫోర్నియాలోని ఎల్ సెరిటో అనే చిన్న ఊరి బడి స్నేహితుల బృందం. జాన్, అతని అన్న టామ్, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్. 1969 ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లు తెచ్చారు. కుర్రతనంలో ఫాంటసీ రికార్డ్స్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం పాటల ప్రచురణ హక్కులన్నీ ఆ సంస్థవే. దాని యజమాని సాల్ జెంట్జ్. తర్వాతి కాలంలో ‘అమేడియస్’ వంటి ఆస్కార్ సినిమాలు తీసిన నిర్మాత ఆయనే. ఆ ఒప్పందం నుంచి బయటపడటానికి ఫోగర్టీ చివరికి క్రీడెన్స్ రికార్డుల మీద గాయకుడిగా తనకు రావలసిన రాయల్టీ కూడా వదులుకున్నాడు. ఇక తాను ‘ప్రౌడ్ మేరీ’ పాడిన ప్రతిసారీ ప్రచురణకర్త వాటా జెంట్జ్ సంస్థకు పోతుంది. పాత రికార్డులు మరిన్ని అమ్ముడైతే ఆ లాభమూ దానిదే. తన గొంతుతో వాళ్ల గల్లా పెట్టె నింపడం కంటే గొంతు మూసుకోవడమే మేలనుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే మొండితనమని సరిపెట్టుకునేవాళ్లం. ఫాంటసీ అతని మీద దావా వేసింది. ‘సెంటర్‌ఫీల్డ్’ కోసం అతను కొత్తగా రాసిన ‘ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ది రోడ్’ 1970 నాటి ‘రన్ త్రూ ద జంగిల్’కు నకలని ఆరోపణ. రెండు పాటలూ రాసింది ఫోగర్టీయే. ఒక మనిషి తన పాటనే తాను దొంగిలించాడని కోర్టు మెట్లెక్కించారు. 1988లో అతను సాక్షి బోనులోకి గిటార్ తెచ్చుకుని, తన చేతి వాటం ఎలా పుడుతుందో జ్యూరీకి వాయించి చూపించాడు. జ్యూరీ అతని పక్షానే తీర్పు చెప్పింది. లాయర్ ఖర్చుల పేచీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గెలిచిన ప్రతివాదికీ వాదికీ ఒకే కొలమానం వర్తించాలని 1994లో ఆ కోర్టు ఇచ్చిన తీర్పును కాపీరైట్ చదివే విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

ఈ కేసు నడుస్తుండగానే పంతం సడలింది. 1987 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని పాలొమీనో క్లబ్‌లో ఒక రాత్రి బాబ్ డిలన్, జార్జ్ హారిసన్, ఫోగర్టీ అనుకోకుండా ఒకే వేదిక ఎక్కారు. ‘ప్రౌడ్ మేరీ’ నువ్వు పాడకపోతే అది టీనా టర్నర్ పాటే అనుకుంటారు జనం అని డిలన్ అన్నాడట. అందులో అతిశయోక్తి లేదు, 1971లో ఐక్, టీనా టర్నర్ ఆ పాటను తమదిగా చేసేసుకున్నారు. ఆ రాత్రి ఫోగర్టీ పాడాడు. అదే ఏడాది జూలై 4న వాషింగ్టన్ దగ్గర వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం జరిగిన కచేరీలో క్రీడెన్స్ పాటలు వరసగా పాడాడు. పలుకుబడి ఉన్నవాళ్ల బిడ్డలు తప్పించుకుంటే పేదింటి పిల్లలు యుద్ధానికి పోయారన్నదే ‘ఫార్చునేట్ సన్’ సారం. ఆ పాట వాళ్ల ముందు పాడకుండా ఉండటానికి ఏ కారణమూ చాలదు.

అయినా మామూలు కచేరీల్లోకి ఆ పాటలు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1990లలో అతను బ్లూస్ సంగీతానికి పుట్టిల్లయిన మిసిసిపీ ప్రాంతం తిరిగాడు. పాత తరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ సమాధి దగ్గర నిలబడినప్పుడు, ఈయన పాటల హక్కులు ఏ లాయరు దగ్గర ఉంటేనేం, ఇవి రాబర్ట్ జాన్సన్ పాటలని లోకానికి తెలుసు కదా అనిపించిందని ఫోగర్టీ చాలా చోట్ల చెప్పాడు. 1997 పర్యటనలో క్రీడెన్స్ పాటలు తిరిగొచ్చాయి.

ఇదే పరిస్థితిలో బీటిల్స్ బృందం మాజీ సభ్యుడు పాల్ మెకార్ట్‌నీ మరోలా నడుచుకున్నాడు. 1972 ఫిబ్రవరి 9న తన కొత్త బృందం వింగ్స్‌తో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ముందస్తు ప్రకటన లేకుండా దిగి విద్యార్థుల కోసం వాయించాడు. టికెట్ 50 పెన్నీలు. బీటిల్స్ పాట ఒక్కటీ లేదు. కారణం డబ్బు కాదు, కొత్త బృందం తన కాళ్ల మీద తాను నిలబడాలన్న పట్టుదల. నాకు ఆ పట్టుదల మీద గౌరవం ఉంది. 1975-76 పర్యటనకు వచ్చేసరికి వింగ్స్‌కు సొంత హిట్లు ఉన్నాయి, అప్పుడు ఐదు బీటిల్స్ పాటలకు చోటిచ్చాడు. 1989లో మొదలైన ప్రపంచ పర్యటనలో దాదాపు సగం అవే.

విచిత్రమేమిటంటే వాటిలో కొన్నిటిని బీటిల్స్ ఎన్నడూ వేదిక మీద పాడలేదు. 1966 ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో అరగంట సేపు 11 పాటలు పాడి వాళ్లు టికెట్ కచేరీలకు స్వస్తి చెప్పారు. జనం అరుపుల్లో తమ వాయిద్యం తమకే వినిపించేది కాదు. ‘సార్జెంట్ పెప్పర్స్’ నాటి పాటలు ఆ తర్వాత స్టూడియోలో పొరలు పొరలుగా పుట్టాయి. 1989 నాటికి వయొలిన్ల గుంపునూ బాకాలనూ ఒక్క కీబోర్డు మీద పలికించే శాంప్లర్లు వచ్చాయి. మెకార్ట్‌నీ వెంట కీబోర్డు వాయించే పాల్ వికెన్స్ ఉన్నాడు. బృందంగా చేయలేనిది ఒంటరిగా సాధ్యమైంది. ఆ పాటల ప్రచురణ హక్కులు అప్పటికే మైకేల్ జాక్సన్ చేతిలో ఉన్నాయి. 1985లో అతను 4 కోట్ల 75 లక్షల డాలర్లకు ఏటీవీ సంస్థను కొన్నాడు. మెకార్ట్‌నీ బాధపడ్డాడు, బహిరంగంగానే చెప్పాడు, పాడటం మాత్రం ఆపలేదు.

బీటిల్స్‌లో మరొకడైన జార్జ్ హారిసన్ 1974లో పండిట్ రవిశంకర్‌తో కలిసి ఉత్తర అమెరికా పర్యటనకు వెళ్లి పాత పాటల మాటలే మార్చేశాడు. ‘ఇన్ మై లైఫ్’లో ప్రియమైన మనిషి చోట దేవుణ్ని నిలిపాడు. గొంతు బొంగురుపోయి ఉంది, విమర్శకులు కరుణ చూపలేదు. మనసు మారిన మనిషి పాత మాటలు యథాతథంగా పలకలేకపోవడం నాకు అర్థమవుతుంది. వినేవాళ్లు పదేళ్లు గుండెల్లో దాచుకున్న మాటలు అవి కావడమే చిక్కు. మళ్లీ ఆయన పర్యటన చేసింది 1991 చివర్లో, జపాన్‌లో. అప్పుడు పాటలను చాలావరకు వాటి పాత రూపంలోనే పాడాడు.

లెడ్ జెప్లిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌ది ఇంకో దారి. డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో చనిపోవడంతో బృందం ముగిసింది. ఏళ్ల తరబడి ప్లాంట్ ఆ పాటల జోలికి పోలేదు. తర్వాత పాడటం మొదలుపెట్టాక వాటి రూపం మార్చుతూ వచ్చాడు. గాయని అలిసన్ క్రాస్‌తో కలిసి పాడినప్పుడు ‘బ్లాక్ డాగ్’ బాంజో వాయిద్యంతో నెమ్మదిగా నడిచింది. 20 ఏళ్ల కుర్రాడి అరుపును 60 ఏళ్ల గొంతుతో అనుకరించకుండా, ఆ వయసుకు తగిన పాటగా మలచడం అందరికీ చేతకాదు. ఈ ముగ్గురి దారుల్లో నాకు ఎక్కువ నచ్చినది ఇదే.

పాడినవారి నోట పాట ఆగిపోయే బాధ తెలుగువాళ్లకు కొత్త కాదు. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని ఇళయరాజా లాయరు నోటీసు పంపారు. అలాంటి నియమం సంగతి తనకు తెలియదనీ, చట్టమైతే పాటిస్తాననీ చెప్పి బాలు ఆ పాటలు పక్కన పెట్టేశారు. అక్కడ రాసినవాడే పాడనన్నాడు, ఇక్కడ బాణీ కట్టినవారు పాడినవారిని ఆపారు. రాయల్టీ అడగడంలో ఇళయరాజా తప్పు లేదు, బాణీ ఆయనదే. కానీ ‘సాగర సంగమం’ పాట మన చెవుల్లో బాలు గొంతుతోనే ఉంది. డబ్బు లెక్క తేల్చుకోవడానికి గొంతును ఆపనక్కర్లేదు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు.

ఫోగర్టీ లెక్క తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2004లో ఫాంటసీని కొన్న కాంకర్డ్ సంస్థ, అతను వదులుకున్న రాయల్టీని తిరిగి ఇచ్చింది. 2023 జనవరిలో, 77 ఏళ్ల వయసులో, తన క్రీడెన్స్ పాటల ప్రచురణ హక్కుల్లో అధిక వాటా అతను తిరిగి సంపాదించుకున్నాడు. పాత రికార్డింగులు మాత్రం సంస్థవే. అందుకే 2025లో, 80 ఏళ్లు నిండాక, కొడుకులు షేన్, టైలర్‌లను వెంట కూర్చోబెట్టుకుని ఆ పాటల్లో చాలావాటిని మళ్లీ మొదటి నుంచి వాయించి, పాడి, కొత్త ఆల్బమ్‌గా విడుదల చేశాడు. ఒక్కో పాట పేరు పక్కన ‘జాన్స్ వెర్షన్’ అని వేసుకున్నాడు.