కొండయాత్రకు తేలికమూట

మన కోనసీమలో కొండలు లేవు. కాలువగట్లమీదను, కొబ్బరితోటలలోను నడచిన కాళ్లకు ఎగుడుదిగుళ్లు క్రొత్త. కావున విద్యార్థులు మారేడుమిల్లి మన్యమునకో, పాపికొండల ప్రాంతమునకో నడకకు బయలుదేరునపుడు, ఏమి తీసికొని పోవలెనను ప్రశ్నకంటె ఏమి విడిచి పోవలెనను ప్రశ్నయే ముఖ్యమని మేము అనుభవమువలన గ్రహించితిమి.

ఒక వేసవి యారంభమున మేమట్లు పోయితిమి. ఎక్కనారంభించి గంట గడువకమునుపే ఒక బాలుడు తల తిరిగి కూలబడెను. వానిని నీడకు జేర్చి నీరు త్రాగించితిమి. వాని మూటను తోటివా రిరువురు పంచుకొని మోసిరి. తిరిగి వచ్చిన పిదప దానిని కాటాపై నుంచగా 7 కిలోలు తూగెను. బాలుని బరువు 38 కిలోలు. అందు నాలుగు జతల బట్టలు, రెండు దుప్పట్లు, గాజుజాడీతో ఆవకాయ యుండెను. నీటిసీసా మాత్రము అరలీటరుదే! తల్లిప్రేమచే మూట నిండెను గాని, ప్రాణాధారమైన నీటికి చోటు చాలలేదు.

2020వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రకటించిన బడిసంచుల విధానము ప్రకారము, సంచి బరువు విద్యార్థి బరువులో పదవవంతు మించరాదు. ఆ కొలతనే పగటి నడకకు గైకొందము. 40 కిలోల బాలునకు 4 కిలోలు. లీటరు నీరు ఒక కిలో తూగును. ఎండలో రెండు లీటర్లయినను వలయును. ఇక సంచితో కూడ సర్వమునకు మిగులునది 2 కిలోలే.

కావున మొదట తేలికసంచి నెన్నుకొనవలెను. దళసరి బట్టలు తడిసినచో మఱింత బరువగును. పలుచనివి ఒక జత చాలును. వండిన అన్నములో మూడింట రెండు పాళ్లు నీరే. దానికి మారుగా అటుకులు, వేరుసెనగపప్పు, బెల్లము మేలు. ఆత్రేయపురపు పూతరేకులు తేలికయే కాని, సంచిలో పొడియైపోవును! మందులపెట్టె జట్టుకొకటి చాలును. బరువైన వస్తువులు వీపునకు దగ్గఱగా నుండవలెను.

నీరు, టోపీ, ఉప్పు పంచదార కలిసిన ఓఆర్ఎస్ పొట్లము, రాత్రి బస యున్నచో దోమతెర — వీనిని మాత్రము తగ్గింపరాదు. మన్యమున మలేరియా భయము కలదు.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను పదకొండుగురు బిడ్డల తల్లి, 1955లో, తన 67వ యేట, అపలాచియన్ కొండదారిని సుమారు 3,300 కిలోమీటర్లు ఒంటరిగా నడచెను. ఆమె భుజమున నుండినది తాను కుట్టుకొనిన గుడ్డసంచి యొక్కటే. గుడారమైనను లేదు.

తోటివాని బరువు మోయుట పుణ్యమే. కాని మన యనవసరపు బరువును తోటివానిపై వేయుట పుణ్యము కాదు. తలిదండ్రులారా, రాబోవు యాత్రకు ముందు బిడ్డల మూటల నొకమాఱు తూచి పంపుడు.