విషం కాకపోతే మాస్కు ఎందుకు?

విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో తిరువూరు అనే ఊరున్నది. దాని చుట్టుపక్కల ఎటు చూసినా మామిడితోటలు, వరిపొలాలు, పత్తి, మిరప చేలు. పిల్లలూ, మీది తిరువూరు కానివ్వండి, మరే ఊరు కానివ్వండి, ఈసారి మీ నాన్నగారి వెంట ఎరువుల దుకాణానికి వెళ్ళినప్పుడు బస్తాల పక్కన అరలీటరు ప్లాస్టిక్ సీసాలు ఉన్నవేమో చూడండి. వాటి పేరు నానో యూరియా. ఇఫ్కో అనే రైతుల సహకార సంస్థ దీనిని 2021లో బయటికి తెచ్చింది.

దీనిని వాడే పద్ధతి గురించి ఆ సంస్థ రైతులకు చెప్పే మాటలలో ఒక చిత్రం ఉన్నది. ఇది విషం కాదు అని ఒక మాట. పైరు మీద చల్లేటప్పుడు మాత్రం ముఖానికి మాస్కు కట్టుకోండి, చేతులకు తొడుగులు వేసుకోండి అని ఆ వెంటనే రెండో మాట. "విషం కాకపోతే మాస్కు ఎందుకు?" అని మీకు తోచిందా? మీకు తోచకపోయినా మీ తాతగారికి తోచి తీరుతుంది. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవాడు ఎవరైనా ఉంటే, అతని మాట కొంచెం ఆలోచించి నమ్మండి.

అసలు నానో అంటే ఏమిటి? గ్రీకు భాషలో మరుగుజ్జు అని అర్థం. మనలో చాలామందికి ఈ మాట 2009లో అమ్మకానికి వచ్చిన టాటావారి చిన్న కారు వల్ల తెలిసింది. శాస్త్రజ్ఞులకు మాత్రం అదొక కొలత. ఒక మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మీ తలవెంట్రుక మందమే రమారమి 80,000 నానోమీటర్లు! నానో యూరియాలో ఉండే రేణువులు 20 నుంచి 50 నానోమీటర్లు ఉంటాయని తయారు చేసినవారు చెబుతున్నారు.

ఇంత చిన్నది చేస్తే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. అన్ని వైపులా సరిగ్గా ఒక సెంటీమీటరు ఉండే పటికబెల్లం పలుకు మీ దగ్గర ఉన్నదనుకోండి. దానికి ఆరు ముఖాలు, కాబట్టి పైభాగమంతా కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ముక్కలుగా కోస్తే 1,000 ముక్కలవుతాయి. వాటి పైభాగాలన్నీ కలిపితే 60 చదరపు సెంటీమీటర్లు. ఇలా కోసుకుంటూ పోయి ఒక్కొక్క నానోమీటరు ముక్కలు చేశామనుకోండి. అప్పుడు ఎంతవుతుందో తెలుసా? 6,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరంన్నర! అరచేతిలో పట్టే పలుకులో ఒక మామిడితోటంత జాగా దాగి ఉన్నదన్నమాట.

పటికబెల్లం పలుకు నీళ్ళలో మెల్లగా కరుగుతుంది, దాని పొడి అయితే క్షణంలో కరుగుతుంది. ఏ వస్తువైనా నీటితోగాని, గాలితోగాని, మన ఒంటితోగాని కలిసేది పైభాగం ద్వారానే గదా. పైగా పెద్ద రేణువులు పోలేని చోట్లకు చిన్నవి పోగలవు. అందుచేత "పెద్దగా ఉన్నప్పుడు ఏమీ చెయ్యలేదు గనక చిన్నదైనా ఏమీ చెయ్యదు" అని పరీక్షించకుండా అనటానికి వీల్లేదు. అట్లాగే, చిన్నదైనంత మాత్రాన అది ప్రమాదకరమని అనటానికీ వీల్లేదు.

నానో రేణువులు మనకు కొత్త కూడా కాదు. మన అమ్మమ్మలు ఆముదపు దీపం మీద పళ్ళెం బోర్లించి మసి పట్టి కాటుక చేసేవారు. ఆ మసిలోని అతి సన్నని రేణువులు కొన్ని పదుల నానోమీటర్లే ఉంటాయి. పళ్ళెానికి అంటుకున్న మసి మనల్ని ఏమీ చెయ్యదు. కాని కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఏళ్ళతరబడి పొగ పీల్చితే అటువంటి మసే ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. కనక "నానో మంచిదా, చెడ్డదా?" అని అడిగితే జవాబు రాదు. ఏ వస్తువు, ఏ దారిన ఒంట్లోకి పోతుంది, ఎంత పోతుంది, ఎన్నాళ్ళు పోతుంది అని అడగాలి.

ఇలా అడగకపోవటం వల్ల జర్మనీలో ఒక తమాషా జరిగింది. 2006 మార్చి చివర అక్కడ గాజుకు, స్నానాలగది పలకలకు మురికి అంటకుండా చల్లే "మ్యాజిక్ నానో" అనే డబ్బా అమ్మకానికి వచ్చింది. కొద్దిరోజులలోనే, దానిని చల్లినవారు సుమారు వందమంది దగ్గుతో, ఆయాసంతో బాధపడ్డారు. కొందరిని ఆస్పత్రిలో చేర్చవలసివచ్చింది. డబ్బాలను వెంటనే వెనక్కు తెప్పించారు. నానో వస్తువులు మనుషులకు హాని చేశాయని ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. తీరా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే ఆ డబ్బాలో నానో రేణువులు లేనే లేవు! ఆ ద్రవం గాజు మీద పరిచే పొర చాలా పలచన గనక ఆ పేరు పెట్టారు, అంతే. పేరు చూసి కొన్నవారూ పేరు చూసి భయపడినవారూ ఒకే విధంగా మోసపోయారన్నమాట.

అయితే, జబ్బు మాత్రం నిజమే గదా? అంతకుముందు అదే పేరుతో చేతిపంపుతో చిమ్మే సీసాలు అమ్మారు. వాటితో ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త డబ్బా మాత్రం లోపలి వాయువు ఒత్తిడితో ద్రవాన్ని పొగమంచులాగా చిమ్మింది. ఆ సన్నని తుంపర ఊపిరితిత్తుల లోతుకు పోయింది.

ఇప్పుడు మన మాస్కు సంగతికి వద్దాం. నానో యూరియాను లీటరు నీటికి 2 నుంచి 4 మిల్లీలీటర్లు కలిపి పంపుతో ఆకుల మీద కొడతారు. పంపు నుంచి వచ్చేది తుంపరే. తాకితే ఏమీ కాని వస్తువునైనా ఊపిరితిత్తులలోకి పీల్చటం మంచిది కాదు. ఇంకొక సంగతి: 2021లో వచ్చిన వస్తువును 20 ఏళ్ళు పీల్చినవారు ఇంకా ఎవరూ ఉండరు. వ్యవసాయానికీ ఆహారానికీ వాడే నానో వస్తువులను ఎట్లా పరీక్షించాలో మన ప్రభుత్వపు బయోటెక్నాలజీ శాఖ 2020 జులైలో నియమాలు ప్రకటించింది. ఆ ప్రకారం తమ ఎరువును పరీక్షించామని ఇఫ్కోవారు అంటున్నారు. పరీక్ష చేసినంతవరకు విషం కాదు, చూడని కాలానికి జాగ్రత్త. రెండు మాటలూ నిజం కావచ్చు. రెండో మాట దాచి మొదటిదే చెప్పేవారి కంటే, రెండూ చెప్పి కారణం కూడా విప్పి చెప్పేవారు మేలు.

దుకాణంలో తరచు కలిపి చెప్పే మరొక సంగతి ఉన్నది. హాని చెయ్యకపోవటం వేరు, పని చెయ్యటం వేరు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైమాట. మొదట వచ్చిన నానో సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. వెయ్యోవంతు! ఆకు నేరుగా పీల్చుకుంటుంది గనక ఒక సీసా ఒక బస్తాకు సరి అని ఇఫ్కోవారి వాదం. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు రెండేళ్ళు పండించి చూస్తే, నానో యూరియా వాడిన మళ్ళలో గోధుమ దిగుబడి 21.6 శాతం, వరి దిగుబడి 13 శాతం తగ్గాయని 2024 మొదట్లో పత్రికలలో వచ్చింది. ఇఫ్కోవారు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు.

ఇక తాతగారికి ఎట్లా చెబుతారు?

"తాతయ్యా, మందు కొట్టేటప్పుడు మాస్కు కట్టుకో."

"ఏరా, ఇన్నేళ్ళూ బస్తా యూరియా చల్లాను. ఏనాడైనా కట్టుకున్నానా?"

"అది గుళికలు, చల్లితే కింద పడుతుంది. ఇది తుంపర, ముక్కులోకి పోతుంది. తువ్వాలు చుట్టుకుంటే చాలదు, దాని నేత సందుల్లోంచి సన్నది దూరుతుంది. గాలికి ఎదురుగా నిలబడకు. ఖాళీ సీసాలో మాత్రం మంచినీళ్ళు పొయ్యకు."

"సరేలే. మరి బస్తా మానెయ్యమంటావా?"

"అది వ్యవసాయాధికారిగారిని అడుగుదాం. ఈలోగా ఒక మడిలో బస్తా వెయ్యి, పక్కమడిలో ఇది కొట్టు. కోతలప్పుడు రెండూ నేను తూచి రాసిపెడతాను."