నడుము నొప్పికి మంచమా, నడకా? ఫిజియోథెరపీలో ఆధారాల మాట

నడుము పట్టేస్తే ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా చెప్పే మాట 'కదలకుండా పడుకో' అని. నొప్పి తగ్గకపోతే ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లి పది రోజులు 'కరెంటు పెట్టించుకోవడం' చాలామందికి తెలిసిన దారి. కొన్నాళ్లకు నొప్పి తగ్గుతుంది. మరి తగ్గించింది మంచమా, కరెంటా?

కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ సమయంలో ఏ చికిత్స చేసినా పేరు దానికే దక్కుతుంది. అందుకే అనుభవం ఒక్కటే సరిపోదు, పోల్చి చూడాలి.

ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో పరిశోధకులు అదే చేశారు. నడుము నొప్పి వచ్చిన 186 మంది నగరపాలక ఉద్యోగులను లాటరీ తీసినట్టుగా మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి రెండు రోజుల పడక విశ్రాంతి, రెండో బృందానికి నడుము వ్యాయామాలు సూచించారు. మూడో బృందాన్ని నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకోమన్నారు. అందరికంటే బాగా కోలుకున్నది మూడో బృందం. మంచం పట్టినవారు అందరికంటే నెమ్మదిగా కోలుకున్నారు. ఈ ఫలితాలు 1995లో వెలువడ్డాయి. నెలల తరబడి వేధించే దీర్ఘకాలిక నొప్పి సంగతి వేరు. అందులో వ్యాయామం మేలు చేస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

ఇలాంటి ఫలితాలను చికిత్సలోకి తేవడమే 'ఆధారిత వైద్యం'. 1996లో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు దీన్ని వివరిస్తూ, అందుబాటులో ఉన్న ఉత్తమ పరిశోధనను వైద్యుడి అనుభవంతో కలపాలన్నారు, రోగి ఇష్టాయిష్టాలనూ లెక్కలోకి తీసుకోవాలన్నారు. అంటే ఇది పుస్తకం చూసి చేసే వంట కాదు.

ఫిజియోథెరపిస్టులకు ఆధారాల కొరత కూడా లేదు. 1999లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలైన 'పెడ్రో' అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ఇప్పుడు 60 వేలకు పైగా పరిశోధనలు, సమీక్షలు, మార్గదర్శకాల వివరాలున్నాయి. అయినా ఆచరణ వెనకబడే ఉంది. వివిధ దేశాల్లో జరిగిన 94 అధ్యయనాలను 2019లో ఒక సమీక్ష పరిశీలించింది. ఎముకలు, కండరాల సమస్యలకు సిఫారసు చేసిన చికిత్సను ఎంచుకున్నామని సర్వేల్లో చెప్పిన ఫిజియోథెరపిస్టులు మధ్యస్థంగా 54 శాతమే. సిఫారసు చేయని చికిత్సల విషయంలో ఆ సంఖ్య 43 శాతం.

కారణం నిర్లక్ష్యమే అనుకుంటే పొరపాటు. 2003లో ప్రచురితమైన ఒక అమెరికా సర్వేలో ఫిజియోథెరపిస్టులు ఈ పద్ధతిని మెచ్చుకున్నారు, కానీ సమయం లేకపోవడమే పెద్ద అడ్డంకి అన్నారు. పరిశోధన పత్రాల్లోని గణాంకాలు అందరికీ కొరుకుడు పడవు. పైగా రోగి కూడా యంత్రాన్నే ఆశిస్తాడు. 'మెషిన్ పెట్టకుండా మాటలు చెప్పి పంపారు' అనిపించుకోవడం ఏ చికిత్సకుడికీ ఇష్టం ఉండదు. కానీ నడుము నొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు, ట్రాక్షన్ ఇవ్వవద్దని బ్రిటన్‌లోని 'నైస్' సంస్థ 2016 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

పత్రాలు చదవమని చెప్పినంత మాత్రాన అలవాట్లు మారవు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన 'గ్లాడ్' కార్యక్రమం మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల మార్గదర్శకాలను నేరుగా పనిలోకి దించింది. ఫిజియోథెరపిస్టులకు శిక్షణ ఇచ్చి, రోగులకు అవగాహన తరగతులు, పర్యవేక్షణలో వ్యాయామాలు ఏర్పాటు చేసింది. ఫలితాలను ఒక రిజిస్టర్‌లో నమోదు చేస్తోంది. ఏం చేయాలో, ఎలా చేయాలో, ఫలించిందో లేదో ఒకే చోట తెలుస్తుంది.

మన దేశంలో ఫిజియోథెరపీ విద్యకు, సేవలకు ప్రమాణాలు నిర్దేశించేందుకు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం వచ్చింది. ఆ ప్రమాణాలు చికిత్స గది దాకా చేరడం ముఖ్యం. రోజు కూలీ వదులుకుని వచ్చే మనిషికి అక్కరలేని ప్రతి సిట్టింగూ రెండు నష్టాలు: ఫీజు ఒకటి, ఆ రోజు కూలి మరొకటి.

నడుము నొప్పితో పాటు కాళ్లలో బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం, జ్వరం వంటివి ఉంటే వెంటనే డాక్టరును చూడాలి. మిగతా సందర్భాల్లో రోగి అడగదగిన ప్రశ్నలు మూడు: ఈ చికిత్స వల్ల మేలు జరుగుతుందని ఎలా తెలుసు? ఎన్నాళ్లలో తేడా కనిపించాలి? ఇంట్లో నేను చేయగలిగింది ఏమిటి? ఆధారాలు తెలిసిన ఫిజియోథెరపిస్టు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.